షైలాక్ క్రూరుడని రాస్తే మార్కులెందుకు తగ్గాయి?

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే బెంగళూరులో పదో తరగతి చదువుతోంది. ఇంగ్లీషులో షేక్స్‌పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ పాఠ్యనాటకం. అందులో వడ్డీకి అప్పులిచ్చే యూదు వ్యాపారి షైలాక్ పాత్రను విశ్లేషించమంటే అతను క్రూరుడనీ, పిసినారి అనీ, పగబట్టే మనిషనీ రెండు పేజీలు నింపింది. పదికి నాలుగు మార్కులు వేసి, పక్కన ‘ఆధారం ఏది?’ అని టీచరు ఎర్రసిరాతో రాశారు. ట్యూషన్‌లో ఇచ్చిన నోట్సులోనూ ఈ మాటలే ఉన్నాయి. నేను అనంతపురంలో తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని. అమ్మాయికి ఎలా సాయపడగలను?
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: మీ అమ్మాయి రాసిన విశేషణాల్లో ఏదీ అబద్ధం కాదమ్మా. అయితే అవన్నీ తీర్పులు. తీర్పుకు ముందు జరగవలసిన విచారణ ఆ రెండు పేజీల్లో లేదు. ఈ ఊళ్లో చాలా ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పి జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి కనుక చెబుతున్నాను, నలభై మంది పిల్లలూ ఒకే నోట్సులోని ఐదు విశేషణాలను వరుస మార్చి రాసినప్పుడు దిద్దేవారికి అందులో పాత్రా కనిపించదు, రాసిన పిల్లా కనిపించదు.

తెలుగు మీడియం చదువు మీకు అడ్డు కాదు. గురజాడ అప్పారావుగారు 1909లో తిరగరాసి ప్రచురించిన ‘కన్యాశుల్కం’ తెర తీయగానే, విజయనగరం బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒంటరిగా నిలబడి, సంతలో సామాన్లు కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి తన సరదాలకు ఖర్చుపెట్టిన సంగతి తానే చెప్పుకుంటాడు. అతను మోసగాడని మనకు ఇంకెవరూ చెప్పనక్కరలేదు; ఆ ఇరవై రూపాయల లెక్కే చెబుతుంది. ఆ తరువాత అతను సంఘసంస్కరణ గురించి ఎంత గంభీరంగా ఉపన్యసించినా మనం నవ్వుతూ వింటామంటే కారణం ఆ లెక్క మనకు గుర్తుండటమే. మీరు ఆ నాటకాన్ని ఏ కళ్లతో చదివారో షైలాక్‌నూ ఆ కళ్లతోనే చదవాలి.

షైలాక్ నాటకం మొత్తం మీద ఐదు రంగాల్లోనే కనిపిస్తాడు. వాటిలో మూడో అంకం మొదటి రంగాన్ని అమ్మాయి చేత పైకి చదివించండి. కూతురు జెస్సికా డబ్బూ నగలూ తీసుకుని ప్రియుడితో వెళ్లిపోయింది. ఆమెను వెతకడానికి వెళ్లిన షైలాక్ మిత్రుడు ట్యూబల్ జెనోవా నుంచి తిరిగి వచ్చాడు. పోయిన వజ్రాన్ని ఫ్రాంక్‌ఫర్ట్‌లో రెండు వేల డకెట్లకు (ఆనాటి బంగారు నాణేలు) కొన్నానని షైలాక్ వాపోతాడు. కూతురు తన కాళ్ల దగ్గర చచ్చిపడి ఉన్నా సరే, ఆ నగలు ఆమె చెవులకు ఉంటే బాగుండునంటాడు. ఇంతకంటే కర్కశమైన మాట తండ్రి నోట రాదు. మరికొద్ది పంక్తుల తరువాత, జెస్సికా ఒక ఉంగరాన్ని కోతి కోసం ఇచ్చేసిందని ట్యూబల్ చెప్పగానే, నన్ను చిత్రహింస పెడుతున్నావంటాడు షైలాక్. అది తాను పెళ్లికాని రోజుల్లో లేయా ఇచ్చిన ఉంగరమనీ, అడవినిండా కోతులిచ్చినా దాన్ని వదులుకునేవాణ్ణి కాననీ అంటాడు. లేయా అతని భార్య అయి ఉంటుందని మనమే గ్రహించాలి. ఆ పేరు నాటకంలో మళ్లీ ఎక్కడా వినిపించదు.

ఇక్కడ అమ్మాయిని కాసేపు ఆపండి. వజ్రానికి ధర చెప్పిన మనిషి ఉంగరానికి ధర ఎందుకు చెప్పలేదో ఆమెనే అడగండి. కూతురి ప్రాణం కన్నా నగలే ఎక్కువన్నట్టు మాట్లాడిన నోటితోనే, ఏ డబ్బుతోనూ తూచలేని వస్తువు ఒకటుందని అతను చెప్పాడు. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే మనిషివి ఎలా అయ్యాయో నాలుగు వాక్యాల్లో రాయగలిగితే అదే విశ్లేషణ. ‘పిసినారి’ అన్న మాట అప్పుడు కొట్టేయనక్కరలేదు. దాని హద్దు ఎక్కడో తెలుస్తుంది, అంతే.

ఏ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో చూసుకోవడం కూడా నేర్పండి. ‘నా కూతురు, నా డకెట్లు’ అంటూ షైలాక్ వీధిలో అరిచాడని చాలామంది పిల్లలు అతని సొంత మాటగా ఉదహరిస్తారు. నిజానికి ఆ అరుపు మనం నేరుగా వినం. రెండో అంకం ఎనిమిదో రంగంలో, అతనంటే గిట్టని సొలానియో ఎగతాళిగా అనుకరించి చెబుతాడు. గిట్టనివాళ్ల సాక్ష్యాన్ని వాడుకోవచ్చు, కానీ అది గిట్టనివాళ్ల సాక్ష్యమని జవాబులో చెప్పి తీరాలి.

యూదుడికి కళ్లు లేవా, గుచ్చితే నెత్తురు రాదా అనే ప్రసిద్ధ ప్రసంగమూ ఈ మూడో అంకంలోనిదే. దాన్ని సగానికి కోసి, మానవత్వానికి విన్నపంగా రాసేస్తుంటారు. చివరిదాకా చదివితే అది పగ తీర్చుకునే హక్కు కోసం చేసిన వాదనగా తేలుతుంది. మీరు నేర్పిన దుర్మార్గాన్నే ఆచరిస్తానని క్రైస్తవులతో అంటాడు. మొదటి అంకంలో క్రైస్తవ వర్తకుడు ఆంటోనియో తనను కుక్క అన్నాడనీ, తన మీద ఉమ్మాడనీ షైలాక్ ఎత్తిపొడిచినప్పుడు, మళ్లీ అలాగే చేస్తానని ఆంటోనియో బదులిచ్చాడు. ఆ సంగతి తెలిస్తే ఈ వాదన బరువు తెలుస్తుంది. 1290లోనే యూదులను ఇంగ్లండు నుంచి వెళ్లగొట్టారన్న చరిత్ర ఒక వాక్యంలో వస్తే చాలు. పేజీ నిండా చరిత్ర రాస్తే పాత్ర పక్కకు పోతుంది.

ఔటర్ రింగ్ రోడ్డు మీద స్కూలు బస్సు నిలబడిపోయే సమయం ఒక రంగాన్ని రెండుసార్లు చదవడానికి ధారాళంగా సరిపోతుంది. నోట్సు మాత్రం సంచిలోనే ఉండనివ్వండి.

ప్రశ్న: మాకు ‘జూలియస్ సీజర్’ ఉంది. బ్రూటస్ మంచివాడా, చెడ్డవాడా? పరీక్షలో ఏది రాయాలి సార్?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, కె.ఆర్.పురం

జవాబు: ప్రశ్నలో ఆ రెండే దారులు ఇచ్చినా నువ్వు వాటిలో ఇరుక్కోవద్దు, బాబూ. మూడో అంకం రెండో రంగంలో, సీజర్ హత్య తరువాత, హంతకుల్లో ఒకడైన బ్రూటస్, సీజర్ మిత్రుడు ఆంటొనీ ఇద్దరూ జనంతో మాట్లాడతారు. బ్రూటస్ వచనంలో తూచినట్టు కారణాలు చెబుతాడు. ఆంటొనీ ఛందస్సులో మాట్లాడుతూ కత్తిపోట్లు పడ్డ అంగీని చూపిస్తాడు. బ్రూటస్ తాను చెప్పేది న్యాయమని నమ్మాడు, జనానికి కారణాలు చాలుననీ నమ్మాడు. పైగా ఆంటొనీని మాట్లాడనివ్వవద్దని తోటి కుట్రదారు కాసియస్ ముందే హెచ్చరించినా వినలేదు. అతని నిజాయితీ, అతని పొరపాటు ఒకే చోటు నుంచి పుట్టాయని రాసి, ఈ రంగాన్నే ఆధారంగా చూపించు.

ప్రశ్న: ‘ఫ్లాట్’, ‘రౌండ్’ పాత్రలు అనే మాటలు వాడితే మార్కులు ఎక్కువ వస్తాయా?
– ఒక విద్యార్థిని, వైట్‌ఫీల్డ్

జవాబు: ఆ మాటలు ఇంగ్లీషు నవలాకారుడు ఇ.ఎం.ఫార్స్టర్ 1927 నాటి ఉపన్యాసాల నుంచి వాడుకలోకి వచ్చాయి. ఒకే గుణం చుట్టూ అల్లిన పాత్రను ఆయన ఫ్లాట్ అన్నాడు, మనల్ని నమ్మించేలా ఆశ్చర్యపరచగలిగే పాత్రను రౌండ్ అన్నాడు. మొదటి జవాబులోని షైలాక్ ఉంగరం నీకు ఆశ్చర్యం కలిగించిందా? కలిగిస్తే ముందు ఆ సంగతి రాయి, ఆ తరువాత కావాలంటే రౌండ్ అను.