సీసాలో వేసిన ముక్క రిపోర్టు కావడానికి పది రోజులెందుకు?

ప్రశ్న: మా నాన్నగారి అరికాలిలో ఉన్న నల్లమచ్చ పుండుపడితే నెల్లూరులో ఆపరేషన్ చేసి తీసేశారు. ఆ ముక్కకు ఒక పక్క నల్లదారం కుట్టి, సీసాలో వేసి, మా చేతే ల్యాబుకు పంపారు. వారం దాటాక అడిగితే ‘స్పెషల్ స్టెయిన్స్ వేయాలి, ఇంకో నాలుగు రోజులాగండి’ అన్నారు. రక్తపరీక్ష సాయంత్రానికే వస్తుంది కదా, దీనికి ఇంత ఆలస్యమెందుకు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: రక్తాన్ని చాలావరకు యంత్రాలే లెక్కగడతాయి, ఈ ముక్కను మాత్రం పెథాలజిస్టు మైక్రోస్కోపులో కంటితో చూసి తేల్చాలి, అలా చూడటానికి వీలుగా దాన్ని సిద్ధం చేయడానికే రెండు మూడు రోజులు పడుతుంది.

సీసాలోది ఫార్మలిన్. కణాలు కుళ్లకుండా ఉన్నవాటిని ఉన్నట్టు అది నిలుపుతుంది. ముక్కకు కనీసం 10 రెట్లు ద్రవం ఉండాలి, లోపలిదాకా ఇంకడానికి ఒక రాత్రయినా గడవాలి. (ఇరుకుమూతి సీసాలో కుక్కితే, మెత్తగా లోపలికి వెళ్లిన ముక్కే గట్టిపడి బయటికి రానని మొరాయిస్తుంది.)

దారం దిక్కు తెలపడానికి. అంచులకు రంగు సిరా పూసి, ముక్కను 2, 3 మిల్లీమీటర్ల మందాన అడ్డంగా కోస్తారు. ఆ సిరా చివరిదాకా చెరగదు కనుక, స్లైడు మీద కేన్సర్ కణాలు సిరాను తాకుతూ కనిపిస్తే ఆ అంచున జబ్బు మిగిలి ఉండవచ్చని, అది ఏ వైపో దారాన్ని బట్టి సర్జనుకు తెలుస్తుంది.

తర్వాత ఆల్కహాలు నీటిని లాగేస్తుంది, జైలీన్ ఆల్కహాలును తొలగిస్తుంది, కరిగిన పారఫిన్ మైనం ఆ చోటులో చేరుతుంది. గట్టిపడిన మైనపు దిమ్మను మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద 3 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మందాన కోస్తే, ఉల్లిపొర కన్నా పలచని రిబ్బను గోరువెచ్చని నీటి మీద తేలుతుంది. టెక్నీషియన్ గాజుపలకను నీటిలో ఏటవాలుగా దించి దాన్ని పైకెత్తుతారు. రంగులద్దాక కణకేంద్రకాలు నీలంగా, మిగతాది గులాబీగా కనిపిస్తాయి.

మీ విషయంలో ఆలస్యం ఇక్కడే. నల్లమచ్చ అనగానే మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల కేన్సర్) కాదు కదా అని చూడాలి, అందుకే ఆ కణాలను గుర్తుపట్టించే ఎస్-100, హెచ్‌ఎంబీ-45 వంటి మార్కర్లు వేస్తారు, మీకు చెప్పిన స్పెషల్ స్టెయిన్స్ ఇలాంటివే. మెలనోమాయే అయితే, 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో చూపిన పద్ధతిలో అది ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. పుండుపడిన చోట కొలత పుండు అడుగు నుంచి మొదలవుతుంది. ఇంకా ఎంత మంచి చర్మం తీయాలన్నది ముఖ్యంగా ఆ అంకె మీదే ఉంటుంది కనుక తొందరపెట్టకండి.

రెండో అభిప్రాయం కావాలనుకుంటే మాత్రం రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, స్లైడ్లూ బ్లాకు అనే ఆ మైనపు దిమ్మా ల్యాబును అడిగి తీసుకెళ్లండి.