హనుమకొండలో ఒక వానాకాలం గడిచాకే ఫ్లాట్ కొనండి

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, జీతం ఏడాదికి 12 లక్షలు. నెలకు రెండుసార్లు ఆఫీసుకు వస్తే చాలన్నారు కాబట్టి భార్య, పాపతో హనుమకొండకు మారుతున్నాను. ఇప్పుడు కడుతున్న కిరాయి 27 వేలు. అక్కడ వేయి స్తంభాల గుడి దగ్గర ఒక పాత ఇంట్లో పై పోర్షన్ 12 వేలకు దొరికింది. నా స్నేహితుడేమో కిరాయి దండగ, అక్కడే 48 లక్షల్లో ఫ్లాట్ ఉంది, కొనేయ్, టాక్స్ కూడా కలిసొస్తుంది అంటున్నాడు. చేతిలో 14 లక్షలు ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: అద్దెకే వెళ్ళండి. కనీసం ఏడాది పాటు.

బ్యాంకు 38 లక్షలు ఇచ్చినా మిగతా 10 లక్షలు మీరే పెట్టాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి 7.5 శాతం, అంటే 3.6 లక్షలు. ఇవి పోతే మీ దగ్గర మిగిలేది 40 వేలు. చిన్న పాప ఉన్న ఇంట్లో అది నెల రోజులకైనా సరిపోతుందో లేదో. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ళకు లోన్ తీసుకుంటే ఈఎంఐ దాదాపు 33 వేలు. రేపు కంపెనీ వారానికి నాలుగు రోజులు రమ్మంటే? హైదరాబాద్‌లో అద్దె, హనుమకొండలో ఈఎంఐ రెండూ ఒకే జీతం మీద పడతాయి. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే.

ఇక టాక్స్. కొత్త విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్, రిబేటు కలిపి చూస్తే మీ జీతం మీద పన్నే పడదు. లేని పన్నును ఈఎంఐ ఏం తగ్గిస్తుంది? పైగా ఆ విధానంలో మనం ఉండే ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు కూడా లేదు. పన్ను మినహాయింపు కోసం అద్దె రసీదులు దాచే టెన్షన్ కూడా మీకు అక్కర్లేదు.

ఏడాది ఆగమనడానికి ఇంకో పెద్ద కారణం నీళ్ళు. కాకతీయులు ఇక్కడ గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. పై చెరువు నిండి మత్తడి పోస్తే ఆ నీరు కింది చెరువుకు చేరేది. ఆ దారుల్లో ఇప్పుడు కాలనీలు వెలిశాయి. 2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జూలైలో నయీంనగర్ వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ఫ్లాట్ చూపించేవాళ్ళు ఈ మాట చెప్పరు. పక్కింటివాళ్ళను, కిరాణా కొట్టాయనను అడగండి, గోడ మీద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చేయి పెట్టి చూపిస్తారు.

మీరు చూసిన పోర్షన్ గురించి కూడా ఒక మాట. వేయి స్తంభాల గుడి 1163 నాటిది, పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్తగా ఏమీ కట్టకూడదు. ఆ తర్వాతి 200 మీటర్లలో కట్టాలంటే అనుమతి కావాలి. పాత ఇంటికి పెద్ద రిపేర్లు చేయించాలన్నా ఈ మొత్తం పరిధిలో అనుమతి తప్పదు. అందుకే స్లాబు కురుస్తుందా, బాత్రూం గోడలు చెమ్మగా ఉన్నాయా అన్నది అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోండి. 'మీరు చేరాక చేయిస్తాను' అని ఓనర్ మంచి మనసుతోనే చెప్పినా, అనుమతి వచ్చేదాకా మీరు బకెట్లు పెట్టుకోవాల్సి రావచ్చు. తర్వాత ఎప్పుడైనా అదే ఇల్లు చవగ్గా అమ్ముతామంటే, కూల్చి కట్టుకోవచ్చన్న లెక్కతో మాత్రం కొనకండి. వరంగల్ కోట చుట్టుపక్కల కూడా ఇదే సంగతి.

అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకే రాస్తారు. అందులో ఒక నెల నోటీసుతో ఖాళీ చేసే వీలు రాయించండి. మీ ఉద్యోగానికి అది చాలా అవసరం. అడ్వాన్స్ రెండు నెలలు మించకుండా మాట్లాడుకోండి, రంగుల కోసం ఎంత పట్టుకుంటారో కూడా రాయించుకోండి.

అద్దెలో మిగిలే 15 వేలూ చేతిలో మిగలవు. హనుమకొండ పక్కనే ఉన్న కాజీపేట స్టేషన్ నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. రైలు, ఆటోలు, భోజనాలకు నెలకు 3 వేలు పోయాయనుకోండి. మిగిలిన 12 వేలను జీతం పడిన రోజే రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్ళేలా పెట్టండి. నెలాఖరున చూద్దాం అనుకుంటే కొత్త ఊళ్ళో ఫ్రిజ్, ఏసీ, కర్టెన్లు అంటూ కరిగిపోతుంది. రెండేళ్ళకు వడ్డీ కాక 2.88 లక్షలు అవుతుంది, రిజిస్ట్రేషన్ ఖర్చులో చాలా భాగం వచ్చినట్టే. ఇల్లు కొనడానికి దాచే డబ్బు కాబట్టి దీన్ని షేర్లలో పెట్టవద్దు. చేతిలో ఉన్న 14 లక్షల్లో ఆరు నెలల ఇంటి ఖర్చును విడిగా ఎఫ్‌డీలో ఉంచి, దాన్ని మర్చిపోండి.

ఆ 48 లక్షల ఫ్లాట్ మీద మనసు ఉంటే, వచ్చే వానాకాలంలో గట్టి వాన పడిన ప్రతిసారీ మర్నాడు పొద్దున్నే అటు వెళ్ళి రండి. సెల్లార్‌లో మోటారు పెట్టి నీళ్ళు తోడుతున్నారేమో చూడండి.