ఎండిన బ్లూగ్రాస్, మొలిచిన గరిక

ప్రశ్న: కెంటకీ బ్లూగ్రాస్ విత్తనాలు తెప్పించి నవంబరులో ఇంటి ముందు చల్లాను. సంక్రాంతి నాటికి పచ్చగా పరుచుకున్న గడ్డి, రెండుపూటలా నీళ్లు పెడుతున్నా ఏప్రిల్‌లో ఎండిపోయింది. ఇప్పుడు అక్కడ గరిక మొలుస్తుంటే పీకేస్తున్నాను. లోపం విత్తనంలో ఉందా, నా పెంపకంలో ఉందా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ముందుగా, గరికను పీకడం ఆపండి. లోపం విత్తనంలో ఉందనిపించడం లేదు. మీ శ్రద్ధలో అసలే లేదు. పోవా ప్రాటెన్సిస్ అనే ఈ గడ్డి పుట్టిల్లు ఐరోపా, ఆసియాల చల్లని నేలలు. వలస వెళ్లినవారి వెంట అమెరికా చేరి, పశువులకూ గుర్రాలకూ మేతగా అక్కడ ఎంత పేరు తెచ్చుకున్నదంటే, కెంటకీని నేటికీ బ్లూగ్రాస్ రాష్ట్రమనే పిలుస్తారు.

ఇది సుమారు 15 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పెరుగుతుంది. అందుకే మన చలికాలం దానికి నచ్చింది. ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు మాత్రం దాని ఆకు బొగ్గుపులుసు వాయువుకు బదులు ఆక్సిజన్‌ను ఎక్కువగా పట్టుకుని, తయారుచేసుకున్న ఆహారంలో కొంత వృథా చేసుకుంటుంది. రాత్రి కూడా చల్లబడకపోతే మిగిలిన నిల్వ శ్వాసక్రియకే ఖర్చవుతుంది. ఈ నష్టాన్ని నీళ్లు పూడ్చలేవు. పైగా నల్లరేగడి నేలలో రోజూ తడి నిలిస్తే వేళ్లకు గాలి అందదు, బూజు తెగుళ్లు చేరతాయి. చల్లని దేశాల్లో ఇది వేసవికి ఎండినట్లు కనిపించినా, నేలలోని కాండం నుంచి మళ్లీ చిగురిస్తుంది. మన సుదీర్ఘమైన వేసవిలో ఆ ఆశ పెట్టుకోకండి.

విత్తనం అసలుదేనా అన్న అనుమానం ఉంటే, మిగిలిన గింజలను చలికాలంలో కుండీలో మొలిపించి చూడండి. ఆకు కొన పడవ ముక్కులా ముడుచుకుని ఉంటుంది. వేలితో అదిమితే రెండుగా చీలుతుంది.

వినాయక చవితికి మనం వెతికి తెచ్చుకునే గరిక తీరు వేరు. అది బొగ్గుపులుసు వాయువును ఆకులో పోగుచేసుకోగలదు కనుక ఎండలోనే ఎక్కువ ఎదుగుతుంది, కణుపు కణుపునా వేరు దిగుతూ పాకుతుంది. తొలకరి పడగానే, వేరున్న కణుపు ముక్కలను ఖాళీలలో బెత్తెడు దూరంలో నాటి, ఒత్తుగా అల్లుకున్నాక అంగుళం, అంగుళంన్నర ఎత్తున కత్తిరిస్తూ ఉండండి. చెట్టు నీడ పడేచోట మాత్రం గరిక పలచబడుతుంది. అక్కడ నీడను ఓర్చే కార్పెట్ గ్రాస్ వేసుకోండి.