అమెరికా సుంకాలు, రొయ్యల చెరువు, చేతిలో ఉన్న 14 లక్షలు

భీమవరం దగ్గర నాలుగెకరాలు లీజుకు తీసుకుని రెండు చెరువుల్లో వనామీ రకం రొయ్యలు సాగు చేస్తున్న పాఠకుడి ప్రశ్న: గత పంట డబ్బు 14 లక్షలు చేతిలో ఉంది, 5 లక్షల బంగారం రుణం ఉంది. మన రొయ్యలపై అమెరికా వేసిన సుంకాలు త్వరలో తగ్గుతాయని నమ్మి రెండు చెరువుల్లోనూ సీడ్ (రొయ్య పిల్లలు) వేయాలా, లేక ట్రంప్ ప్రభుత్వం వల్ల అమెరికా కంపెనీలు లాభపడతాయంటున్నారు కనుక డబ్బంతా అక్కడి షేర్ల ఫండులో పెట్టాలా?

నమస్కారం. మీరు అనుకుంటున్న రెండు మార్గాలకూ వాషింగ్టన్ తర్వాతి అడుగు ముందే తెలిసి ఉండాలి. అది ఎంత కష్టమో 2025లో జరిగినదే చెబుతుంది. ట్రంప్ ప్రభుత్వం ఏప్రిల్ 2న భారత్‌పై 26 శాతం సుంకం ప్రకటించి, వారానికే దానిని 90 రోజులు ఆపి 10 శాతంతో సరిపెట్టింది. ఆగస్టు 7న 25 శాతం విధించి, ఆగస్టు 27న మరో 25 శాతం కలిపింది. ఈ రెండో 25 శాతానికి కారణం రొయ్య కాదు, వాణిజ్య లోటు కూడా కాదు. ఉక్రెయిన్ యుద్ధం విషయంలో రష్యాపై ఒత్తిడి పెంచడానికి, రష్యా చమురు కొంటున్న మన దేశంపై వేసిన అదనపు సుంకం అది. అంటే మీ చెరువు గట్టు మీద పలికే ధర అప్పుడు మీకు ఏ సంబంధమూ లేని ఒక యుద్ధ చర్చతో ముడిపడింది. ఇది అన్యాయంగా అనిపించడం సహజం, నాకూ బాధగానే ఉంది. కానీ అలాంటి చర్చలు ఎప్పుడు, ఎలా తేలుతాయన్న అంచనా మీద మీ ఇంటి బంగారాన్ని పణంగా పెట్టమని నేను చెప్పలేను. పైగా అప్పటికి మన పోటీదారు ఈక్వడార్‌పై పడిన సుంకం 15 శాతమే.

కనుక ముందుగా బంగారం రుణం పూర్తిగా తీర్చండి. ఆ వడ్డీ మిగలడం ఖాయమైన లాభం, దానికి ఏ దేశ నిర్ణయంతోనూ పని లేదు. తర్వాత తొమ్మిది నెలల ఇంటి ఖర్చుకు 3 లక్షలు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచండి. మిగిలిన 6 లక్షలతో ఈసారి ఒక్క చెరువులోనే, పలచగా సీడ్ వేయండి. అమెరికాకు ఎక్కువగా వెళ్లేది పెద్ద సైజు రొయ్య కాబట్టి సుంకం దెబ్బ ముందుగా తగిలేది దానికే. 100 కౌంట్‌కు (కిలోకు వంద తూగే చిన్న రొయ్యకు) పలికే ధరకు అమ్మినా పెట్టుబడి వెనక్కి వస్తుందో లేదో లెక్క వేసుకున్నాకే చెరువులోకి దిగండి. మేతను అప్పుగా తెచ్చుకుంటే రొయ్యలు పట్టే రోజున సరుకు ఎవరికి అమ్మాలో, ఏ ధరకు అమ్మాలో డీలరే నిర్ణయించే పరిస్థితి వస్తుంది. వీలైనంత వరకు మేతను నగదుకే కొనండి.

అమెరికా షేర్ల ఫండు ఇప్పుడు వద్దు. 2025 ఏప్రిల్‌లో సుంకాల ప్రకటన తర్వాత అక్కడి ప్రధాన సూచీ రెండు రోజుల్లో సుమారు 10 శాతం పడి, వాటిని ఆపిన రోజున ఒక్కసారిగా 9 శాతానికి పైగా లేచింది. వచ్చే పంటకు అవసరమైన డబ్బు అలాంటి చోట ఉండకూడదు. ఏడేళ్ల పాటు ముట్టుకోనవసరం లేని మిగులు వచ్చినప్పుడు, నెలకు కొంత చొప్పున పెట్టే విషయం అప్పుడు మాట్లాడుకుందాం.

రెండో చెరువు లీజు గడువు ఎప్పటితో ముగుస్తుందో మీరు రాయలేదు. ఆ చెరువును ఒక పంట కాలం ఖాళీగా ఉంచుతున్నందుకు కౌలులో కొంత తగ్గించమని, లేదా గడువును అంత కాలం పొడిగించమని యజమానిని ఈ వారమే అడగండి. అందుకు ఆయన ఒప్పుకుంటే ఆ మాటను కాగితం మీద రాయించుకోండి.