గుండ్రటి అక్షరాలు బోర్డుకి పనికొస్తాయా?

ప్రశ్న: తణుకులో పిల్లల పళ్ల క్లినిక్ పెడుతున్నాను. బోర్డుకి, కార్డుకి, ప్రిస్క్రిప్షన్ ప్యాడ్‌కి ఒకటే గుండ్రటి ఇంగ్లీషు ఫాంట్ వాడదామని డిజైనర్ అంటున్నారు. ముద్దుగానే ఉంది కానీ, రోడ్డు మీంచి చదవగలరో లేదోనని టెన్షన్. తెలుగు పేరుకి ఏ ఫాంట్ తీసుకోవాలి? – ఒక డాక్టర్, తణుకు

జవాబు: డాక్టరు గారూ, బోర్డుకి నిశ్చింతగా వాడండి. పళ్ల డాక్టరంటేనే జడిసే పిల్లలకి మొనలు లేని అక్షరాలు కాస్త చనువుగా కనిపిస్తాయి. ఈ తరహాలో పేరుమోసిన వాగ్ రౌండెడ్ అనే ఫాంట్ 1979లో ఫోక్స్‌వ్యాగన్, ఆడి డీలర్ల కోసం వచ్చింది. తర్వాత ఆపిల్ కీబోర్డు మీటల మీద చాలాకాలం ఉంది. షోరూం బోర్డైనా, మీటైనా అక్కడ చదవాల్సింది ఒకటి రెండు మాటలే. అక్కడ దీనికి తిరుగులేదు.

ప్యాడ్ మీది చిన్న అక్షరాలకి మాత్రం వద్దు. క్విక్‌సాండ్ లాంటి ఫాంట్లలో చిన్న ‘ఎ’ సున్నా పక్కన గీత పెట్టినట్టే ఉంటుంది. సైజు తగ్గితే ‘ఓ’ అనుకుంటారు. పెద్ద ‘ఐ’, చిన్న ‘ఎల్’ రెండూ పుల్లల్లా ఉంటాయి. మందు పేరు దగ్గర ఆ తికమక ఉండకూడదు. ప్యాడ్ మీద క్లినిక్ పేరుకి నునీటో ఫాంట్ పెట్టండి, అందులో ‘ఎ’ పైన కొక్కెం ఉంటుంది. అడ్రసు, టైమింగులకి మామూలు సాన్స్ (గీతల చివర తోకలు లేని ఫాంట్) చాలు.

ఇరవై ఏళ్లుగా బోర్డులు డిజైన్ చేస్తున్నాను. మొదట్లో ఒక క్లినిక్‌కి ‘clinic’ అని ఇంగ్లీషు చిన్న బడి అక్షరాలతో ఎల్‌ఈడీ బోర్డు చేశాను. పగలు చక్కగా ఉంది. రాత్రి లైటు వేస్తే వెలుగు పరుచుకుని ‘సి’, ‘ఎల్’ మధ్య సందు మూసుకుపోయింది. ఎదురుగా బస్టాపులో నిలబడి చూస్తే ‘డినిక్’ అని ఉంది! మొత్తం విప్పి, అక్షరాలు ఎడంగా జరిపి మళ్లీ బిగించాం. అందుకే ముందు ఆ రెండక్షరాలే చేయించి, చీకటి పడ్డాక రోడ్డు అవతలి నుంచి చూడండి.

ఇంకో మాట. కంపాస్‌తో గీసినట్టుండే పెద్ద ‘ఓ’ పక్క అక్షరాల కంటే వెంట్రుకవాసి పైకీ కిందికీ పొడుచుకొస్తుంది. అలా లేకపోతే చిన్నదిగా కనిపిస్తుంది. బోర్డు వాళ్లు తప్పనుకుని లైనుకి కోసేస్తామంటే ఒప్పుకోకండి.

తెలుగుకి బాలూ తమ్ముడు 2 చూడండి. ముంబయిలోని ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్లు చేశారు, ఉచితం. ఇంగ్లీషు అక్షరాలూ అందులోనే ఉంటాయి కాబట్టి రెండు పేర్ల లావూ కలుస్తుంది. ఉన్న ఐదు మందాల్లో మరీ లావుది మాత్రం తీసుకోకండి. ‘ధ’ పొట్టకింది చిన్న గీత పూడుకుపోయి ‘ద’ అయిపోతుంది. ‘ఫ’కీ అదే బాధ. మీ క్లినిక్ పేరులో ‘చిన్నారి’ లాంటి మాట ఉంటే కింద ఒత్తుకి చోటు వదలమనండి. ఇంగ్లీషు లైను ఎత్తుకే తెలుగునీ కుదిస్తే ఒత్తు వెళ్లి కింది లైనుకి తగులుతుంది.