తెర మీద అక్షరం, ఫైల్ల అక్షరం

హనుమకొండ

బిడ్డా,

నీ ఫైలు అందింది గని కథ అందలేదు. తెరిచి చూస్తే ఒక్క తెలుగక్షరం లేదు, అన్నీ ఇంగ్లిషు అక్షరాలు, బ్రాకెట్లు, గుర్తులు. చౌరస్తా కాడ ఏదో డీటీపీ సెంటర్ల టైపు చేయించినట్టున్నవ్. అచ్చు పనికి వాళ్లు అను ఫాంట్లు వాడుతరు. అండ్ల తెరమీద కనబడేది తెలుగే, లోపల ఉన్నది ఇంగ్లిషు అక్షరాల నంబర్లు. ఆ ఫాంటు లేని నా కంప్యూటర్ల దాని ముసుగు ఊడిపోయింది.

యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకు నంబర్లిచ్చే ప్రపంచ పద్ధతి, అది అట్ల కాదు. అండ్ల తెలుగుకు 128 గడులు కేటాయించిన్రు, ప్రతి అక్షరానికి సొంత నంబరు. ఫాంటు అంగీ అసొంటిది. గౌతమి తీసేసి పోతన ఫాంటు వేసినా (మన బమ్మెర పోతన పేరే) లోపలి అక్షరం మారదు. 'క్ష' ఒకటే అక్షరంగ కనబడ్డా లోపల క, పొల్లు, ష అని మూడుంటయ్. బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడితే ముక్క మాత్రమే ఊడేది అందుకే. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతి నేర్చుకో: అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. నెలరోజులు సతాయిస్తది, తర్వాత చెయ్యే ఉరుకుతది.

కర్సర్ మినుకుమినుకుమంటుంటే రాసిందంతా ఉన్నట్టే అనిపిస్తది. సేవ్ కొట్టేదాక అది కంప్యూటర్ యాదిల ఉంటది, డిస్కుల కాదు. ఒక ఎండకాలం కరెంటు పోయి నా నవల రెండు అధ్యాయాలు అట్లనే పోయినయ్. పేరాకోసారి కంట్రోల్, ఎస్. సేవ్ యాజ్ వేరే: పాతదాన్ని ముట్టకుండ కొత్త పేరుతోని ఇంకో ఫైలు చేస్తది. పేరుల తారీఖు పెట్టు. 'ఫైనల్', 'అసలు ఫైనల్' అని పెడితే నీకే తెల్వదు.

ఎంటర్ పేరా అయిపోయినంకనే కొట్టాలె. వరస చివర కొడితే, అక్షరం సైజు మార్చంగనే వరసలు ఎక్కడికక్కడ తెగి నీ కథ వచన కవిత అయితది. పేరును నడుమకు తెచ్చేటందుకు స్పేస్‌బార్ కొట్టుకుంట పోకు, సెంటర్ అలైన్‌మెంట్ ఉన్నదే అందుకు. వర్డ్‌ల కంట్రోల్, షిఫ్ట్, 8 నొక్కు: దాగున్న ఎంటర్లు, స్పేసులు చుక్కలు, గుర్తులయి బయటపడతయ్. మొదటిసారి చూసుకున్నప్పుడు నాకే సిగ్గయింది.

కట్, కాపీ, పేస్ట్ నీకు ఫోన్ల అలవాటే. కట్ చేసిందాన్ని పేస్ట్ చెయ్యకముందే ఇంకోటి కాపీ చేస్తే మొదటిది పోతది, గది యాదుంచుకో. అయినా చేసినదాన్ని వెనక్కి తీసేటందుకు కంట్రోల్, జెడ్ ఉంది. ఒక మాటను వెతికి దాని జాగల ఇంకోటి పెట్టే ఫైండ్ అండ్ రిప్లేస్‌తోని మాత్రం పైలం. ఒక కథల నాయిక పేరు 'రమ'ను 'లత' చేద్దామని రిప్లేస్ ఆల్ కొట్టిన. వాళ్ల నాయన పదవీ విరమణ పొందినోడు. అచ్చుకు పోయినంక చూస్తే 'పదవీ విలతణ' పొందిండు! ఒక్కొక్కటి చూసుకుంట మార్చు.

స్పెల్ చెక్ ఉంటే 'వచ్చిండు', 'గిట్ల' కింద ఎర్ర గీత పడితే పడనియ్యి. దాని నిఘంటువుల ఆ మాట లేదని అర్థం, నీది తప్పని కాదు. కాళోజీ పుట్టినరోజును, సెప్టెంబర్ 9ని, తెలంగాణ భాషా దినోత్సవంగ జరుపుకునే మనం గీతకు భయపడి 'వచ్చాడు' అని రాస్తమా? కుడి క్లిక్ చేసి యాడ్ టు డిక్షనరీ కొట్టు.

ఇగ కథను యూనికోడ్‌ల నువ్వే టైపు చేసి వర్డ్ ఫైలు పంపు. పీడీఎఫ్ వద్దు, అది చదువుకునేటందుకే బాగుంటది. ట్రాక్ చేంజెస్ పెట్టి దిద్దుత. నేను కొట్టేసింది, చేర్చింది రంగుల కనబడతయ్. నచ్చనికాడ రిజెక్ట్ నొక్కు, నేనేమనుకోను.

మీ సారు