వాడు అర్థం చేసుకుంటాడు అన్న చోటే ఆగిపోయాను

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. హనుమకొండలో ఫిజీషియన్‌ను. పగలు ఒక ప్రైవేటు వైద్య కళాశాలలో పాఠాలు చెబుతాను, సాయంత్రం సొంత క్లినిక్. హౌస్‌సర్జన్‌గా ఉన్న రోజుల్లో పురుగుల మందు కేసులకు రాత్రంతా విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తూ కూర్చునేవాడిని. అప్పటి నుంచి ఒక ప్రశ్న వదలడం లేదు. మందు తాగినవాళ్లు ఆసుపత్రికి వస్తారు. మరి ఏటా పత్తికి మందు కొడుతూ కొద్దికొద్దిగా పీల్చేవాళ్ల ఒంట్లో ఏం జరుగుతోంది? దీని మీద పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయాలని ఉంది. వారానికి మూడు సాయంత్రాలు క్లినిక్ మూసేయాలి. నా భార్య ఒప్పుకోవడం లేదు. "పేరు ముందు డాక్టర్ ఉండనే ఉంది, మళ్లీ ఇంకొకటా?" అని నాన్న నవ్వుతున్నారు. మావాళ్లకు పరిశోధన అంటే అర్థం కాదు. మాది పరకాల దగ్గర పల్లె. అయిదెకరాల్లో మూడెకరాలు 2008లో నా ఎం.డి. సీటు కోసం అమ్మారు. నాకన్నా రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు ఇంటర్‌తో ఆపేసి మిగిలిన రెండెకరాలు చూసుకుంటున్నాడు. వాడి కూతురు ఈ ఏడే బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. ఫీజు నేను కడతానన్నాను. ఆదాయం తగ్గితే కొన్నాళ్లు ఆపాల్సి రావచ్చు, వాడు అర్థం చేసుకుంటాడు. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 35 ఏళ్లకు హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పొందారు. 43లో మొదలుపెట్టడం మరీ ఆలస్యమా?
– ఒక వైద్యుడు, హనుమకొండ

జవాబు: ఆలస్యం కాదు డాక్టరు గారూ. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్సువర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మళ్లీ నమోదు చేసుకుంటే ఇంకో రెండేళ్లు. ఎంత నత్తనడక నడిచినా 51కి బయటపడతారు. పార్ట్‌టైమ్ కాబట్టి మీ కళాశాల నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. ఉద్యోగం చేస్తూనే పరిశోధనకు తగిన సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్సువర్క్ కోసం విధుల నుంచి వదిలిపెడతామని అందులో రాసివ్వాలి. నోటిమాట నమ్మకండి, ముందు ఆ కాగితం చేతికి తెచ్చుకోండి. కాళోజీ పేరిట ఉన్న ఆరోగ్య విశ్వవిద్యాలయం మీ పక్కనే వరంగల్‌లో ఉంది. మిగతా వివరాలు అక్కడికి వెళ్లి అడిగితే పూట కూడా పట్టదు. ఒక్క విషయం మాత్రం మనసులో ఉంచుకోండి. మీ విభాగంలో ప్రొఫెసర్ కావడానికి ఎం.డి. చాలు. ఈ పట్టా వల్ల హోదా మారదు, క్లినిక్‌లో ఫీజూ పెరగదు. తెలుసుకోవాలన్న దాహం ఉంటేనే చేయాల్సిన చదువు ఇది. ఆ దాహం మీ ఉత్తరంలో కనిపించింది, అందుకే ఇంత చెప్పాను.

మీ భార్య సంగతి కూడా త్వరగా తేల్చేద్దాం. మూడు సాయంత్రాలు మూసేస్తే ఇల్లు ఎలా గడుస్తుందని ఆమె అడుగుతున్నారు. అది పరిశోధన మీద కోపం కాదు, నెలాఖరు లెక్క. కాగితం మీద అంకెలు వేసి ఆమె ముందు పెట్టండి. అంకెలు కుదిరితే ఆమే ఒప్పుకుంటారు, కుదరకపోతే రెండు సాయంత్రాలతో మొదలుపెట్టండి. నాన్నగారిని నవ్వనివ్వండి.

ఇక నన్ను ఆపేసిన వాక్యం దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో 'అర్థం' అన్న మాట రెండు చోట్ల ఉంది. మావాళ్లకు పరిశోధన అర్థం కాదు అన్నారు. కొన్ని వాక్యాల తర్వాత, ఫీజు ఆపేస్తే తమ్ముడు అర్థం చేసుకుంటాడు అన్నారు. మీ గొప్ప అర్థం కాని మనిషికి మీ ఇబ్బంది మాత్రం ఎలా అర్థమవుతుందండీ? అర్థం చేసుకోవడం వాడి పని, అర్థమయ్యేలా చెప్పడం మాత్రం మీ పని కాదు అన్నట్టుంది. ఈ ఉత్తరంలో వాడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాన్నగారు నవ్వారు, భార్య కాదన్నారు, హార్వర్డ్ నుంచి సుబ్బారావు గారు కూడా వచ్చారు. తమ్ముడిని మాత్రం మీరు అడిగినట్టే లేదు.

సుబ్బారావు గారిని తెచ్చింది మీరే కాబట్టి అంటున్నాను. ఆయన ఓడ ఎక్కడానికి మామగారి సాయం ఉంది. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసే వరకు ఆయన తిరిగి రాలేదు. ఆయన మహానుభావుడే, కాదనను. కానీ ఆయన కథ ఎవరు చెప్పినా నాకు ముందు గుర్తొచ్చేది శేషగిరి గారే.

నా పక్షపాతం ఎక్కడిదో చెప్పేస్తాను. మాది జగిత్యాల వైపు. సుబేదారి ఆర్ట్స్ కాలేజీలో నా చదువు తునికాకు మీద నడిచింది. మా అక్క ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. వెయ్యికి ఇంత అని కూలి. సెలవులకు ఇంటికి వెళితే ఆమె వేళ్ల కొసలు చూసి కూడా నేను ఏమీ అనలేదు. అక్క అర్థం చేసుకుంటుందిలే అనుకున్నాను, అచ్చం మీలాగే. నాకు ఉద్యోగం వచ్చిన పదకొండేళ్లకు ఒకరోజు, బియ్యంలో రాళ్లు ఏరుతూ, "నీ చివరి ఏడాది పరీక్ష ఫీజుకు పద్దెనిమిది వేల బీడీలు పట్టాయి" అంది. నిష్ఠూరంగా కాదు, లెక్క గుర్తుండిపోయింది కాబట్టి అంది. అంతే, మళ్లీ బియ్యం ఏరుకుంది. అర్థం చేసుకునేవాళ్లు లెక్క మరిచిపోరని నాకు తెలిసింది ఆ రోజే.

మీ ఇంటి లెక్కా చూద్దాం. అయిదెకరాలు, ఇద్దరు కొడుకులు. తలా రెండున్నర అనుకుంటే మూడెకరాలు అమ్మినప్పుడు మీ వాటా అంతా పోయింది, వాడిదీ అరెకరం పోయింది. వాడు ఇప్పుడు చేస్తున్న రెండెకరాలు ఇంకా ఉమ్మడిలోనే ఉండి ఉంటాయి. ఆ భూమి అమ్మేనాటికి ఈ నర్సింగ్ పిల్ల ఇంకా తల్లి ఒడిలోనే ఉండి ఉంటుంది. మీరు చదివితే ఇల్లు బాగుపడుతుందన్నారు, వాడు సరేనన్నాడు. ఆ సరేకు మీరు ఇచ్చిన మాటే ఈ ఫీజు. సాయం అని మీరు రాయలేదు, కడతానన్నాను అని రాశారు. నాలుగేళ్ల చదువు అది. 'కొన్నాళ్లు' ఆపితే ఆ పిల్ల ఇంట్లో కూర్చుంటుంది, లేదా వాడు వడ్డీకి తెస్తాడు. పరకాల వైపు వడ్డీలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా?

రేపు మీరు ఊళ్లకు వెళ్లి రైతుల రక్తం అడుగుతారు. మందు కొట్టడానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కోలినెస్టరేస్, అంటే పురుగుల మందు దెబ్బతీసే ఎంజైము, ఎంత ఉందో చూడాలి కదా. దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. రైతు భాషలో అంగీకార పత్రం చదివి వినిపించాలి. చదువు రానివాళ్లయితే సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చని, తప్పుకున్నా వైద్యం ఆగదని చెప్పాలి. ముక్కూ మొహం తెలియని మనిషికి ఇంత మర్యాద చేయబోతున్నారు. సొంత తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి, వాడు అర్థం చేసుకుంటాడు!

పైగా వానాకాలమంతా పత్తికి మందు కొట్టేది వాడే. మీ పరిశోధన ఎవరి గురించో వాడు ఆ గుంపులో మొదటివాడు. వాడి రక్తంలో ఆ ఎంజైము ఎంత ఉందో ఇన్నేళ్లలో ఒక్కసారైనా చూశారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. చూసి ఉంటే రాసేవారు.

ఊరివాళ్లు రక్తం ఇవ్వాలంటే తమ్ముడి మాట సాయం కావాలి కాబట్టి వెళ్లి మంచి చేసుకోండి అని నేను అనను. పని పడి వచ్చిన అన్నను తమ్ముళ్లు గుమ్మంలోనే గుర్తుపడతారు. పీహెచ్‌డీ ఊసు ఎత్తకుండా ఒక ఆదివారం వెళ్లండి. పొలంలో పని ఉంటే పొలానికే వెళ్లండి. "మిగిలిన రెండెకరాల్లో నాకు వాటా లేదు, రాసిస్తాను" అని నాన్నగారు వినేలా చెప్పండి. వాడు వద్దంటాడు. వద్దన్నా రిజిస్ట్రేషన్ చేయించండి. మీ భార్యకు ముందే చెప్పి వెళ్లండి, ఆమె వేరొకరి నోట వినకూడదు. నాలుగేళ్ల నర్సింగ్ ఫీజు మీ నెల లెక్కలో క్లినిక్ అద్దె పక్కన రాసుకోండి. అద్దె కొన్నాళ్లు ఆపుతానని ఇంటి యజమానికి చెప్పరు కదా. ఆ ఫీజు పక్కకు తీశాక కూడా మూడు సాయంత్రాలు మిగిలితే నిశ్చింతగా చేరండి. ఒక ఏడాది ఆగాల్సి వస్తే ఆగండి. 44లో చేరినవాళ్లను ఏ విశ్వవిద్యాలయమూ గేటు బయట నిలబెట్టదు.

ఇంకొక మాట. ఫీజు కట్టిన రసీదు తమ్ముడి చేతికి ఇవ్వకండి, చూడకుండా జేబులో పెట్టుకుంటాడు. మరదలి చేతికి ఇవ్వండి.